మొదటిసారి స్నోషూలు అద్దెకు తీసుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటెల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలతో కలిసి కొన్నేళ్ళుగా చలికాలంలో స్నోక్వాల్మీ పాస్‌కి వెళ్తున్నాను. పాస్ అంటే కాస్కేడ్ కొండల మధ్య కనుమ దారి. స్నోషూలంటే మంచులో దిగబడకుండా బూట్ల కింద బిగించుకునే వెడల్పాటి పలకలు. నవంబర్ వచ్చిందంటే చాలు, ఫోన్లో అవే సందేహాలు మొదలవుతాయి. ఏ సైజు తీసుకోవాలి, అత్తయ్యగారు నడవగలరా, కారు టైర్లకి మంచులో జారకుండా చెయిన్లు కావాలా అని. ఒక్కొక్కరికి విడివిడిగా రాసిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళి చదువుకోండి.

ఇంత ఓపిగ్గా రాయడానికి ఒక కారణం ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మంచు చూడాలని ముచ్చటపడి పాస్ దాకా వస్తారు. పిల్లలు జారుడుబల్లల మీద ఆడుకుంటుంటే వీళ్ళు దుప్పటి కప్పుకుని కారులో కూర్చుంటారు. ఒక ఫొటో దిగి తిరిగి వెళ్ళిపోతారు. స్కీయింగ్ వాళ్ళవల్ల కాదు, నిజమే. చదునైన దారిలో స్నోషూ నడక మాత్రం రోజూ సాయంత్రం వీధిలో నడిచే ఎవరివల్లైనా అవుతుంది. వాళ్ళని కారులోంచి దించాలన్నదే నా తాపత్రయం.

## వెళ్దామా, వద్దా అనుకుంటున్నప్పుడు

మామూలు బూట్లతో నడవొచ్చు కదా, స్నోషూలు ఎందుకు?

కొత్తగా పడిన మంచులో బూటుతో అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. కాలు పైకి లాగి మళ్ళీ వేస్తే మళ్ళీ దిగబడుతుంది. దమ్ము చేసిన మడిలో నడిచినవాళ్ళకి ఆ అవస్థ తెలుసు. స్నోషూ మీ బరువుని వెడల్పుగా పరిచి, అంత లోతుగా దిగకుండా ఆపుతుంది. అడుగున ఉండే ఇనప పళ్ళు జారకుండా పట్టుకుంటాయి. దారి బాగా తొక్కి గట్టిపడి ఉంటే మాత్రం ఇవి అక్కర్లేదు. అలాంటి రోజు బూటుకి తొడుక్కునే చిన్న ముళ్ళ పట్టీలు, మైక్రోస్పైక్స్ చాలు, తేలిగ్గా కూడా ఉంటాయి.

నాకు స్కీయింగ్ రాదు, జిమ్‌కీ వెళ్ళను. కుదురుతుందా?

కుదురుతుంది. ఆగకుండా ఒక గంట నడవగలిగితే చాలు. అయితే మంచులో నడక మామూలు నడకకంటే బాగా ఎక్కువ అలసట. మొదటిసారి గంటకి ఒక మైలు లెక్క వేసుకోండి. రెండు మైళ్ళ దారికి ఫొటోలు, టీలు, పిల్లల అలకలు కలుపుకుని మూడు గంటలు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

మా అమ్మకి అరవై రెండు, నాన్నకి అరవై ఎనిమిది. వాళ్ళని తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి. మా నాన్న మొదటిసారి స్నోషూలు తొడుక్కున్నప్పుడు ఆయనకి అరవై ఆరు. మొదటి పది నిమిషాలు నా భుజం వదల్లేదు. ఆ తరవాత నాకంటే ముందు నడిచారు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా వచ్చే కరకర శబ్దం వినమని అమ్మకి చెబుతూ, వరికుప్ప మీద నడిచినట్టుందన్నారు.

మూడు సంగతులు మాత్రం ముందే చూసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడంకంటే దిగడం కష్టం, కాబట్టి పూర్తిగా చదునుగా ఉన్న దారే ఎంచుకోండి. గుండెకి సంబంధించిన మందులు వాడుతుంటే ఇండియాలో వాళ్ళని చూసే డాక్టర్ని ఫోన్లో ఒక మాట అడగండి. చలిలో శ్రమపడితే గుండె మీద భారం పెరుగుతుంది. ఇక విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఇలాంటి నడకకి వర్తింపు ఉందో లేదో పాలసీ కాగితంలో చూడండి. స్నోక్వాల్మీ పాస్ ఎత్తు సుమారు 3,000 అడుగులే కాబట్టి ఊపిరాడదేమోనన్న బెంగ అక్కర్లేదు.

పిల్లల్ని ఎన్నేళ్ళ నుంచి నడిపించొచ్చు?

అయిదేళ్ళు దాటిన పిల్లలు చిన్న స్నోషూలతో చక్కగా నడుస్తారు. అంతకంటే చిన్నవాళ్ళకి ఒక స్లెడ్డు (మంచు మీద జారే బండి), దానికో తాడు మేలు. వీపుకి కట్టుకునే క్యారియర్లో కూర్చోబెడితే మీరు నడుస్తూ చెమట పట్టి వెచ్చగా ఉంటారు, కదలకుండా కూర్చున్న పాప మాత్రం చల్లబడిపోతుంది. పది నిమిషాలకోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా ఉంటే వెనక్కి తిరగాల్సిందే.

అద్దెకా, కొనడమా?

మొదటి రెండుసార్లు అద్దెకే తీసుకోండి. ఒక మంచి జత కొత్తది 150 డాలర్ల నుంచి 350 దాకా ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి, అది కూడా అమ్మానాన్నలు వచ్చినప్పుడే వెళ్ళేవాళ్ళకి కొనడం దండగ. పిల్లలకైతే అసలు కొనకండి, మరుసటి ఏడాదికి సరిపోవు.

## అద్దెకు తీసుకునేటప్పుడు

ఎక్కడ దొరుకుతాయి? ముందే చెప్పాలా?

రెండు రకాల చోట్లు ఉన్నాయి. ఒకటి, ఊళ్ళోనే ఆర్‌ఈఐ లాంటి ట్రెక్కింగ్ సామాన్ల దుకాణాలు. అన్ని బ్రాంచుల్లోనూ రెంటల్ కౌంటర్ ఉండదు, చూసుకుని వెళ్ళండి. రెండోది, పాస్ మీదా దారిలోనూ ఉండే స్కీ దుకాణాలు. నా ఓటు ఊళ్ళో దుకాణానికే. ముందురోజు సాయంత్రం తెచ్చుకుంటే ఇంట్లో ఒకసారి తొడిగి చూసుకోవచ్చు, పొద్దున్నే క్యూలో గంట పోదు.

శని ఆదివారాలకి బుధవారంలోపే ఆన్‌లైన్లో బుక్ చెయ్యండి. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. మన సంక్రాంతి కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది కాబట్టి మనవాళ్ళందరూ ఆ వారాంతమే బయల్దేరతారు. ఆ మూడు రోజులకైతే రెండు వారాల ముందే చెప్పి ఉంచాలి. పిల్లల సైజులు అన్నిటికంటే ముందు అయిపోతాయి.

మొత్తం ఎంతవుతుంది?

నేను పెద్దవాళ్ళ జతకి రోజుకి 25 నుంచి 35 డాలర్లు కట్టాను. చేత్తో పట్టుకునే నడక కర్రలకి విడిగా తీసుకుంటారా, కలిపేనా అన్నది అడగండి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, క్రెడిట్ కార్డు కావాలి. రోజు లెక్క ఎలా వేస్తారో తప్పక అడగండి. కొన్నిచోట్ల ముందురోజు సాయంత్రం తీసుకున్నా ఒక రోజు కిందే లెక్క, కొన్నిచోట్ల రెండు రోజులు.

సైజు ఎలా తెలుస్తుంది? నా బూటు సైజు తొమ్మిది.

స్నోషూ సైజుకీ బూటు సైజుకీ సంబంధం లేదు. చూడాల్సింది బరువు. అదీ ఒంటి బరువు ఒక్కటే కాదు. బట్టలు, బూట్లు, వీపున బ్యాగు, అందులో ఫ్లాస్కు, నీళ్ళు, పాప డైపర్లు, అన్నీ కలిపి. పొద్దున్నే ఖాళీ కడుపుతో త్రాసు మీద చూసిన అంకె చెబితే చిన్న సైజు ఇచ్చేస్తారు. బ్యాగు తగిలించుకుని తూచుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. సాధారణంగా పది పదిహేను పౌండ్లు ఎక్కువ తేలుతుంది.

పొడవు అంగుళాల్లో చెబుతారు. 22, 25, 30, 36 అని ఉంటాయి. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉన్నా, మొత్తం బరువు 180 పౌండ్లలోపు, అంటే 82 కిలోల లోపు ఉన్నవాళ్ళకి 22 గానీ 25 గానీ సరిపోతుంది. అంతకు మించితే 30 అడగండి. 1969లో సియాటెల్‌లో మొదలైన ఎమ్‌ఎస్‌ఆర్ కంపెనీది ఎవో అనే రకం అద్దె దుకాణాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అది 22 అంగుళాల ప్లాస్టిక్ పలక. బరువు ఎక్కువైతే వెనకాల ఆరంగుళాల తోక తగిలిస్తారు.

రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే మా వైపు చిన్నదే తీసుకోమంటాను. కాస్కేడ్ కొండల మీద పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. కాస్కేడ్ కాంక్రీట్ అని ఇక్కడివాళ్ళు ఊరికే అనలేదు. కొలరాడోలోలా పొడి మంచు అయితే పెద్దది కావాలి. ఇక్కడ మొదటిసారి వెళ్ళేది నలుగురూ తొక్కిన దారిలోనే కాబట్టి, పొడుగాటి స్నోషూ తోక మీద మీరే కాలు వేసుకుని పడే అవకాశమే ఎక్కువ. పొట్టిగా ఉండే అమ్మలకి ఇది మరీ ముఖ్యం. ఆడవాళ్ళ కోసం సన్నటి స్నోషూల రకం వేరే ఉంటుంది, కౌంటర్లో అడిగితే ఇస్తారు.

కర్రలు అవసరమా? నాన్నకి చేతికర్ర పట్టుకోవడం ఇష్టం ఉండదు.

అవసరమే, అందరికీ. ఇది ముసలితనానికి గుర్తు కాదని, పక్కన పాతికేళ్ళవాళ్ళ చేతుల్లో కూడా ఉంటాయని చెప్పండి. అక్కడికి వెళ్ళాక ఆయనే చూస్తారు. కర్ర చివర్న పళ్ళెంలాంటి వెడల్పాటి బుట్ట ఉన్నదే తీసుకోండి. అది లేని కర్ర మంచులోకి సగం దిగిపోతుంది.

కౌంటర్ దగ్గర ఏమేం చూసుకోవాలి?

నాకు జరిగినది చెబుతాను. ఒక ఏడాది ఆలస్యమై, పాస్ దగ్గర ఒక దుకాణంలో హడావుడిగా నాలుగు జతలు తీసుకున్నాం. ఒక్కటీ తిప్పి చూడలేదు. అర మైలు లోపలికి వెళ్ళాక నాన్న ఎడమకాలి రబ్బరు పట్టీ ఫట్‌మని తెగిపోయింది. రెండు కొసలూ పట్టుకుని చూస్తే, తెగిన చోట సగం దాకా పాత పగులు, నల్లగా మురికి పట్టి ఉంది. ఆ రోజు పుట్టిన పగులు కాదది. ఆయన స్నోషూ లేని కాలు పక్కకి పెట్టగానే తొడ దాకా మంచులో కూరుకుపోయింది. పట్టుకుని లేపి, నా జత ఆయనకి తొడిగి, తెగిన జతని బ్యాగు తాడుతో కట్టుకుని నేను వెనక్కి వచ్చాను. అర మైలుకి గంట పట్టింది. తగ్గింపు అడిగితే దుకాణంలో, సంతకం పెట్టి తీసుకున్నారు కదా అన్నారు. ఆ సంతకమే అసలు సంగతి.

అందుకే సంతకం పెట్టేముందు ప్రతి జతా చేతిలోకి తీసుకోండి. రబ్బరు పట్టీని ఒక్కొక్కటీ వేళ్ళతో వంచి చూడండి. పగులు ఉంటే వంచినప్పుడు నోరు తెరుస్తుంది. వెనక్కి తిప్పి అడుగున పళ్ళు అన్నీ ఉన్నాయా, వంగాయా చూడండి. మునివేళ్ళ కింద ఇరుసు తిప్పితే తేలిగ్గా తిరగాలి, కిర్రుమని బిగుసుకోకూడదు. రెండూ ఒకే రకమా, ఒకే పొడవా చూడండి. కలిసిపోయిన జతలు రెండుసార్లు నా చేతికి వచ్చాయి. ముందే ఉన్న దెబ్బలకి ఫోన్లో ఫొటో తీసుకోండి. చివరగా, వేసుకోబోయే బూట్లని వెంట తీసుకెళ్ళి అందులో బిగించి చూడండి. పట్టీ మరీ పెద్ద బూటుకి చాలదు, మరీ చిన్న పిల్లల బూటుకి బిగవదు.

బ్యాగులో రెండు గజాల తాడు, రెండు ప్లాస్టిక్ జిప్ టైలు వేసుకోండి. నేను ఇప్పుడు అవి లేకుండా బయల్దేరను.

## బట్టలు, తిండి

ఏ బూట్లు వేసుకోవాలి?

నీళ్ళు లోపలికి రాని, చీలమండ దాకా ఉండే హైకింగ్ బూట్లు. లోపల ఊలు సాక్స్ ఒక్క జత. రెండు జతలు వేస్తే బూటు బిగుసుకుని రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. రన్నింగ్ షూస్, మెత్తటి ఫ్యాషన్ బూట్లు పనికిరావు. పది నిమిషాల్లో తడిసిపోతాయి. అమ్మానాన్నలకోసం బూట్లు కొనడం ఇష్టం లేకపోతే చాలా దుకాణాల్లో స్నో బూట్లు కూడా అద్దెకిస్తారు.

స్వెట్టర్లు ఎన్ని వెయ్యాలి? నాన్న బనియన్ లేకుండా ఉండరు.

ఆ బనియనే ఇబ్బంది. నూలు బట్ట చెమట పీల్చుకుని ఆరదు. నడుస్తున్నంతసేపూ తెలియదు, ఆగి టీ తాగుతున్నప్పుడు తడిబట్ట వీపుకి అతుక్కుని వణుకు మొదలవుతుంది. బనియన్, జీన్స్, నూలు సాక్స్, ఈ మూడూ ఇంట్లోనే వదిలెయ్యాలి. ఒంటికి ఊలు గానీ పాలిస్టర్ గానీ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన వాన, గాలి ఆగే జాకెట్. కిందకి రెయిన్ ప్యాంటు. కారు దిగినప్పుడు కొంచెం చలిగా అనిపించేంత తక్కువే వేసుకుని నడక మొదలుపెట్టండి; పదిహేను నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. బరువైన జాకెట్ బ్యాగులో పెట్టుకుని, ఆగినప్పుడు వెయ్యండి.

నాన్న తెచ్చుకున్న మంకీ క్యాప్ మాత్రం బంగారం. చెవులు, మెడ, గడ్డం అన్నీ కప్పుతుంది. చేతికి రెండు జతల గ్లవ్స్ ఉంచుకోండి, ఒకటి తప్పకుండా తడుస్తుంది.

అమ్మ చీరలో రావచ్చా?

ఫొటోకి వద్దనను. నడకకి మాత్రం కుచ్చిళ్ళు అడుగున పళ్ళలో చిక్కుకుని ముందుకి పడతారు. థర్మల్ ప్యాంటు, పైన రెయిన్ ప్యాంటు వేసి, మీద పొడుగు కుర్తా వేసుకుంటే చాలామంది అమ్మలు ఇబ్బందిపడకుండా వస్తారు. ఆ కుర్తా కూడా నూలుది కాకుండా చూడండి.

ఎండ కాస్తోంది, నల్లద్దాలు అవసరమా?

తప్పనిసరి. కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మన ముఖంలోకే వస్తాయి. మబ్బుగా ఉన్నా అంతే. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి. కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకి నల్లద్దాల విషయంలో అసలు రాజీ పడకండి.

తినడానికి ఏం తీసుకెళ్ళాలి?

చేతులు కడుక్కోవాల్సిన పని లేనివి, గ్లవ్స్‌తో పట్టుకోగలిగేవి. పులిహోర రుచే గానీ, వేళ్ళు గడ్డకట్టే చలిలో గ్లవ్ తీసి కలుపుకు తినడం నరకం. చపాతీలో కూర చుట్టిన రోల్స్, పల్లీ చిక్కీ, నువ్వుండలు, సంక్రాంతికి చేసిన అరిసెలు. అరిసెని మించిన కొండ తిండి నాకు ఇంతవరకూ కనపడలేదు. బెల్లం, బియ్యప్పిండి, నెయ్యి, నడకకి కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి, చలికి రాయిలా గట్టిపడదు. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకోండి. మూత తీయగానే ఆ ఘాటు చుట్టూ నిలబడ్డవాళ్ళందర్నీ దగ్గరికి లాగుతుంది. దాహం వెయ్యదు గానీ నీళ్ళు తాగుతూ ఉండాలి. సీసా తలకిందులుగా పెట్టండి, మంచుగడ్డ పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళు ఆడతాయి.

## ఎక్కడికి, ఎలా

మొదటిసారికి ఏ చోటు మంచిది?

స్నోక్వాల్మీ పాస్ దాటగానే 54వ ఎగ్జిట్ దగ్గర గోల్డ్ క్రీక్ చెరువు. ఐ-90 రహదారి వేసేటప్పుడు కంకర తవ్విన గుంతే ఇప్పుడు చెరువైంది. స్నో-పార్క్‌లో (చలికాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్ చోటు) కారు ఆపి, మంచు కప్పిన రోడ్డు మీదుగా నడిచి చెరువు దాకా వెళ్ళొచ్చు. దారంతా దాదాపు చదును. చెరువు గడ్డకట్టినట్టు కనిపించినా దాని మీద అడుగు పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. చెరువు దాటి లోయ లోపలికి కూడా మొదటిసారి వెళ్ళొద్దు, అక్కడ రెండు వైపులా నిటారు వాలులున్నాయి.

ఒక రోజంతా పెట్టుకోగలిగితే మౌంట్ రేనియర్‌లో 5,400 అడుగుల ఎత్తున ఉన్న ప్యారడైజ్. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు పడింది, అంటే 93 అడుగులు. అయితే లాంగ్‌మైర్ దగ్గర, అక్కడికి వెళ్ళే దారిలో ఉన్న గేటు రాత్రిళ్ళు మూసేస్తారు, ఏ రోజుల్లో తెరుస్తారన్నది ఏడాదికోలా ఉంటుంది. బయల్దేరే ఉదయం పార్కు వెబ్‌సైట్ చూసుకునే కదలాలి.

డిస్కవర్ పాస్ ఉంది, సరిపోతుందా?

అది వాషింగ్టన్ రాష్ట్ర పార్కుల్లో కారు ఆపుకునే పాస్, స్నో-పార్కుల్లో సరిపోదు. వాటికి స్నో-పార్క్ పర్మిట్ వేరే కొనాలి, రోజుకి గానీ సీజన్‌కి గానీ. హయాక్ లాంటి, యంత్రంతో దారి చదును చేసే చోట్లకి సీజన్ పర్మిట్ మీద ఇంకో ప్రత్యేక స్టిక్కర్ కూడా కావాలి. పర్మిట్ ముందురోజే కొని కారు అద్దం దగ్గర కనిపించేలా పెట్టండి. పాస్ మీద ఫోన్ సిగ్నల్ నమ్ముకోవద్దు. మౌంట్ రేనియర్‌కి ఇవేవీ చెల్లవు, అది నేషనల్ పార్క్ కాబట్టి దాని ప్రవేశ రుసుము దానిదే.

మాది ఆల్ వీల్ డ్రైవ్. చెయిన్లు కావాలా?

కావాలి. వాషింగ్టన్‌లో చెయిన్లు తప్పనిసరి అని బోర్డు పెట్టినప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ కారుకి తొడగకుండా వెళ్ళే మినహాయింపు ఉంది గానీ, డిక్కీలో చెయిన్లు ఉండాలి, టైర్లు మంచుకి పనికొచ్చేవై ఉండాలి. మౌంట్ రేనియర్ పార్కులో అయితే నవంబర్ 1 నుంచి మే 1 దాకా ఏ కారైనా సరే చెయిన్లు వెంట ఉంచుకోవాల్సిందే. వాటిని ఒకసారి ఇంటి ముందు పొడి నేల మీద తొడిగి చూడండి. అద్దె కారైతే ఒప్పందం చదవండి, చాలా వాటిలో చెయిన్లు వెయ్యకూడదని ఉంటుంది. ఎలక్ట్రిక్ కారుకి చలిలో మైలేజీ బాగా పడిపోతుంది, పాస్‌కి ముందు వచ్చే నార్త్ బెండ్ ఊరు దాటేముందే ఛార్జింగ్ చూసుకోండి.

మంచు చరియలు విరిగిపడటం పర్వతారోహకుల సంగతి కదా, మాకెందుకు?

మనకే ఎక్కువ కావాలి, ఎందుకంటే మనకి ఆ వాలు చూస్తే తెలియదు. చరియలు ఎక్కువగా కదిలేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మీరు నడిచేది చదునే అయినా, తల పైన అలాంటి వాలు ఉంటే అది జారి వచ్చి ఆగేది మీరున్న చోటే. 1910 మార్చి 1న స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో పట్టాల మీద ఆగి ఉన్న రైళ్ళ మీద చరియ పడి 96 మంది పోయారు. వాళ్ళెవరూ కొండెక్కుతున్నవాళ్ళు కాదు, మంచుకి దారి మూసుకుపోయి బోగీల్లో నిద్రపోతున్నవాళ్ళు.

చేయాల్సింది తేలికే. బయల్దేరే ఉదయం నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వెబ్‌సైట్ తెరిచి స్నోక్వాల్మీ పాస్ ప్రాంతం చూడండి. ప్రమాదాన్ని అయిదు మెట్లలో చూపిస్తారు. మూడో మెట్టు, అంటే కన్సిడరబుల్ అని గానీ అంతకు పైన గానీ ఉంటే, మొదటిసారి వెళ్ళేవాళ్ళు చుట్టూ ఎక్కడా నిటారు వాలు లేని చోటుకే వెళ్ళాలి, లేదా వాయిదా వేసుకోవాలి. స్నో లేక్ ట్రెయిల్ గురించి ఆఫీసులో ఎవరో ఒకరు చెబుతారు. వేసవిలో అద్భుతమైన దారి అది. చలికాలంలో చరియలు పడే దారుల కిందుగా వెళ్తుంది. శిక్షణ లేకుండా అమ్మానాన్నల్ని, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

వాన పడుతుందంటున్నారు, వెళ్ళమంటారా?

వద్దు. 3,000 అడుగుల దగ్గర చలికాలంలో కూడా వాన మామూలే. తడి మంచులో వానకి తడవడం పొడి చలికంటే ప్రమాదం. చాలా దుకాణాల్లో బుకింగ్ ముందురోజు దాకా రద్దు చేసుకోవచ్చు. ఆ షరతు బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

## మంచులోకి దిగాక

కుడి ఎడమలు ఎలా గుర్తుపట్టాలి? ఎంత బిగించాలి?

పట్టీల కొసలు బయటివైపుకి రావాలి, లోపలికి వస్తే రెండో కాలికి తగులుకుంటాయి. బూటు ముందుభాగం సరిగ్గా ఇరుసు మీద కూర్చోవాలి. ముందు పట్టీలు, తరవాత మడమ పట్టీ. మడమ పైకి లేవాలి, అది వదులు కాదు, దాని పద్ధతే అది. పది నిమిషాలు నడిచాక ఆగి మళ్ళీ బిగించండి. పార్కింగ్ తారు రోడ్డు మీద మాత్రం తొడుక్కుని నడవకండి, పళ్ళు అరిగిపోతాయి. చేత్తో పట్టుకెళ్ళి మంచు మొదలైన చోట తొడగండి.

నడక ప్రత్యేకంగా నేర్చుకోవాలా?

కాళ్ళు మామూలుకంటే కొంచెం ఎడంగా వేస్తే చాలు. వెనక్కి అడుగు వెయ్యకండి, తోక గుచ్చుకుని పడతారు. తిరగాలంటే చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగండి. ఎక్కేటప్పుడు మునివేళ్ళు మంచులో గుచ్చండి, దిగేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి మడమల మీద బరువు వెయ్యండి.

పెద్దవాళ్ళు పడిపోతే ఎలా లేపాలి?

చెయ్యి పట్టి లాగకండి, ఇద్దరూ పడతారు, భుజం బెణుకుతుంది. పక్కకి ఒత్తిగిల్లమని చెప్పండి. రెండు మోకాళ్ళ మీదికి రమ్మనండి. కర్రలు రెండూ అడ్డంగా మంచు మీద పెట్టి, వాటి మీద చేతులు ఆనిస్తే చెయ్యి దిగబడదు. అప్పుడు ఒక్కో కాలు లేపాలి. తొందర లేదని చెబుతూ పక్కనే నిలబడండి.

పిల్లలు చెట్ల కిందికి పరిగెడుతున్నారు, ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. కొమ్మలు నేల దాకా వాలిన పెద్ద చెట్ల కింద, కాండం చుట్టూ మంచు గుల్లగా ఉంటుంది. పైకి కనిపించదు. అందులో తలకిందులుగా పడితే ఊపిరాడదు. కొమ్మల నీడ పడేంత దూరం లోపలికి వెళ్ళకూడదని కారు దిగకముందే చెప్పండి.

మంచు మీద రెండు గాడుల్లా ఉన్నాయి, వాటిలో నడిస్తే తేలికేమో?

అవి స్కీయర్ల కోసం వేసిన దారులు. వాటిని తొక్కితే పాడవుతాయి, వెనక వచ్చేవాళ్ళు పడతారు. పక్కన ఓరగా నడవండి.

ఎన్నింటికి వెనక్కి తిరగాలి?

డిసెంబర్‌లో ఇక్కడ నాలుగుంపావుకల్లా పొద్దు గుంకుతుంది, కొండల నీడ ఇంకా ముందే పడుతుంది. పొద్దున తొమ్మిదికల్లా పార్కింగ్ చేరి, ఎక్కడున్నా సరే ఒంటిగంటకి తిరగండి. తలకి కట్టుకునే లైటు ఒక్కటైనా ఉంచుకోండి. ఎవరైనా మాట తడబడుతున్నా, వణుకుతూ జిప్పు పెట్టుకోలేకపోతున్నా టైము చూడొద్దు, వెంటనే తిరగండి. మన అమ్మలు బాగోలేదని చెప్పరు, మీ సరదా పాడవుతుందని ఓర్చుకుంటారు. మీరే గ్లవ్ తీసి చెయ్యి పట్టుకుని చూడండి.

## తిరిగి ఇచ్చేటప్పుడు

తడిగానే ఇచ్చెయ్యొచ్చా?

మంచు దులిపి ఇస్తే చాలు. మర్నాడు ఇచ్చేదైతే రాత్రంతా కారు డిక్కీలో మూసిపెట్టకుండా గ్యారేజీలో విడివిడిగా నిలబెట్టండి. హీటర్ దగ్గర పెట్టొద్దు, ప్లాస్టిక్ వంగుతుంది.

పాస్ మూసేశారు, రాత్రికి ఇవ్వలేం. ఏం చెయ్యాలి?

విరిగిపడేలా ఉన్న మంచు చరియల్ని ముందే దింపే పనుల కోసం ఐ-90ని అప్పుడప్పుడు కొన్ని గంటలు మూసేస్తారు. దుకాణానికి వెంటనే ఫోన్ చేసి చెప్పండి. ముందే చెప్పినందుకు నాకు రెండుసార్లు అదనపు రోజు మాఫీ చేశారు. చెప్పకుండా మర్నాడు వెళ్ళిన మా స్నేహితుడికి రోజు అద్దె పూర్తిగా పడింది.

ఒక పట్టీ తెగింది, డబ్బు నేనే కట్టాలా?

మామూలు వాడకంలో తెగితే చాలాచోట్ల అడగరు, రాళ్ళ మీద, తారు మీద నడిచి పళ్ళు విరగ్గొడితే అడుగుతారు. తీసుకునేటప్పటి ఫొటోలు ఫోన్లో ఉంటే వాదన అక్కర్లేదు. తెగిన పట్టీని మాత్రం దాచకుండా కౌంటర్లో చూపించి, దానికి ఒక చీటీ కట్టించి రండి. లేకపోతే వచ్చే శనివారం అది ఇంకెవరో అమ్మ కాలికి వెళ్తుంది.